ఏడో తరగతి బి సెక్షన్ సగటు

పోయిన నెల జరిగిన ఒక సమీక్షా సమావేశంలో మా బడి పేరు తెర మీద ఎర్ర గడిలో కనిపించింది. ఏడో తరగతి గణితం సగటు నిరుటికన్నా తగ్గిందని దాని అర్థం. పచ్చ గడి వచ్చిన బడులవాళ్ళు కుర్చీల్లో వెనక్కి వాలి కూర్చున్నారు. ఎర్ర గడివాళ్ళం తలలు వంచుకుని పెన్నుల మూతలు తీస్తూ, పెడుతూ గడిపాం. కారణం చెప్పమని నన్ను లేపితే "పిల్లలు మారారు సార్" అన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు. "పిల్లలు ఏటా మారతారు కదమ్మా" అని సమీక్ష చేస్తున్న అధికారి అన్న మాట కూడా నిజమే కాబట్టి మారు మాట్లాడకుండా కూర్చున్నాను. అక్కడ రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

తిరుపతి పొలిమేరలో ఉన్న ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో నేను గణితం స్కూల్ అసిస్టెంటును. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతుల లెక్కలు చాలా ఏళ్ళుగా నా చేతిమీదుగానే నడుస్తున్నాయి. సగటు, మధ్యగతం, బాహుళకం మా ఏడో తరగతి పాఠాలే. సగటు ఒక్కటే చూసి గుంపు గురించి తీర్పు చెప్పకూడదని పిల్లలకు నేనే బోర్డు మీద రాసి చెబుతాను. సమీక్షల్లో మాత్రం ఆ పాఠం ఎవరికీ గుర్తుండదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఈ అంకెలు నా తరగతివి కావు, నోటిలెక్కకు వీలుగా ఎంచుకున్నవి. ఒక తరగతిలో 40 మంది ఉన్నారనుకుందాం. వారిలో 30 మంది ఇళ్ళలో తల్లి గానీ తండ్రి గానీ పదో తరగతి దాకా చదివినవారు. ఆ పిల్లల సగటు 60. మిగతా 10 మంది తమ ఇంట్లో మొదటిసారిగా బడి మెట్లెక్కినవారు. వాళ్ళ సగటు 35. మొత్తం తరగతి సగటు 53.75. మరుసటి ఏడాది అదే గదిలో, అదే టీచరు ముందు మళ్ళీ 40 మందే కూర్చున్నారు గానీ, ఈసారి రెండు వర్గాలూ చెరి ఇరవై. మొదటి వర్గం సగటు 63కు, రెండో వర్గం సగటు 39కి పెరిగాయి. మొత్తం సగటు వేసి చూస్తే 51 వస్తుంది. అటువాళ్ళూ పెరిగారు, ఇటువాళ్ళూ పెరిగారు, తరగతి మాత్రం ఎర్ర గడిలోకి జారింది. దీన్ని సంఖ్యాశాస్త్రంలో సింప్సన్ వైరుధ్యం అంటారు. 1951లో దీని గురించి రాసిన ఎడ్వర్డ్ సింప్సన్ పేరు మీద ఆ పేరు స్థిరపడింది. ఏ టీచరైనా కాగితం, పెన్నూ తీసుకుంటే ఐదు నిమిషాల్లో తేలే సంగతే ఇది.

మా పెద్దవాళ్ళు తరచుగా అనే ఒక మాటకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. "మా రోజుల్లో ఏడో తరగతి చదివినవాడు తప్పుల్లేకుండా అర్జీ రాసేవాడు, ఇప్పటి పిల్లలకు పేరు రాయడమే గగనం" అంటారు. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో ఏడో తరగతికి ఉమ్మడి పరీక్ష ఉండేది. అది తప్పినవాడు మేకల వెంట పోయేవాడు, లేదా ఏ హోటల్లోనో గ్లాసులు కడిగేవాడు. ఎనిమిదో తరగతి గదిలో కనిపించేది గట్టెక్కినవాళ్ళే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాక ఎనిమిది వరకు పిల్లలను ఆపకుండా పై తరగతికి పంపడం మొదలైంది. ఒకప్పుడు లెక్కలోకే రానివాళ్ళు ఇప్పుడు వరసలో కూర్చుని పరీక్ష రాస్తున్నారు, వాళ్ళ మార్కులు సగటులో కలుస్తున్నాయి. వాళ్ళు బయట ఉన్నప్పటి సగటుతో ఇప్పటి సగటును పోల్చి నిట్టూర్చడం నాకు న్యాయంగా తోచదు.

అసలు వడపోత జరిగేది ఐదు నుంచి ఆరుకు వచ్చే చోట. బయటివాళ్ళకు ఇది పెద్దగా తెలియదు. ఊరి ప్రాథమిక పాఠశాలలో చురుగ్గా చదివే పిల్లను అక్కడి టీచరే పట్టుబట్టి నవోదయ పరీక్షకో, ఆదర్శ పాఠశాలకో తయారుచేస్తుంది. అది ఆమె ధర్మం; ఆమెను తప్పుపట్టేదేమీ లేదు. ఆ పరీక్షల్లో సీటు వచ్చిన పిల్లలు అటే వెళ్ళిపోతారు. కాస్త చేతిలో డబ్బులాడే ఇంటివాళ్ళు సరిగ్గా ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టిన ప్రైవేటు బడికి మారుస్తారు. మిగిలిన పిల్లలతో మా ఆరో తరగతి హాజరు పట్టీ మొదలవుతుంది. 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలల్లో కలిపారు, 2025లో ఆ ఏర్పాటును మార్చారు. దాంతో ఇప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు మూడు రకాల బడుల గుండా నడిచి వచ్చినవాళ్ళు కావచ్చు.

ఆడపిల్లల సగటు మగపిల్లల సగటుకన్నా ఎక్కువగా ఉందని సమావేశాల్లో గొప్పగా చెబుతుంటారు. మా బడిలోనూ అంతే. కానీ మా చుట్టుపక్కల ఇళ్ళలో కొడుకును కాన్వెంటుకూ కూతురును గవర్నమెంటు బడికీ పంపే అలవాటు ఇంకా పోలేదు. అన్నో తమ్ముడో పసుపు రంగు బస్సెక్కి పోతుంటే అదే ఇంటి పాప సైకిలు మీద మా బడికి వస్తుంది. కాస్త బాగా చదివే కొడుకు ఇక్కడ ఉండడు, బాగా చదివే కూతురు మాత్రం ఇక్కడే ఉంటుంది. మా బడిలో ఆడపిల్లల ఆధిక్యానికి వాళ్ళ కష్టంతో పాటు ఇళ్ళలోని ఈ పక్షపాతం కూడా ఒక కారణమని నా అనుమానం. నివేదికలో అది విజయంగా అచ్చవుతుంది.

కరోనా కాలంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపించింది. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం, 2024లో మళ్ళీ 66.8 శాతం. ఈ అల మా అడ్మిషన్ రిజిస్టరులో కూడా కనిపిస్తుంది. లాక్‌డౌన్ తరువాత ఫీజులు కట్టలేక ప్రైవేటు బడుల టీసీలతో వచ్చిన పిల్లలు ఒక రెండేళ్ళు మా తరగతుల్లో కూర్చున్నారు. ఆ రెండేళ్ళు మా సగటు బాగుంది, నాకు శభాష్ అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక సగటు పడింది, నన్ను లేపి కారణం అడిగారు. ఆ శభాష్‌ను అప్పుడు నోరు మూసుకుని పుచ్చుకున్నాను కాబట్టి ఈ మందలింపును కూడా పుచ్చుకోక తప్పదేమో. 2020 జనవరి 9న అమ్మఒడి పథకాన్ని మా చిత్తూరులోనే ప్రారంభించారు. దాని కింద తల్లుల ఖాతాల్లో పడిన సొమ్ముకు 75 శాతం హాజరు నిబంధన ఉండేది. దానివల్ల బడి మానేయబోయిన పిల్లలు కొందరు నిలిచిన మాట నేను కళ్ళారా చూశాను. పథకం ప్రైవేటు బడులకూ వర్తించింది కాబట్టి అదే సొమ్ముతో కాన్వెంటు ఫీజు కట్టి పిల్లను మా దగ్గరనుంచి తీసుకెళ్ళిన తల్లినీ చూశాను. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఆ రెండు నిర్ణయాలూ కలిసి మా సగటును ఒకే దిక్కుకు తోశాయి, అంతే.

ఇక పిల్లల వివరాల సంగతి. ఏటా కేంద్ర విద్యాశాఖ బడుల సమాచార నమోదు అయిన యూడైస్‌లో మేం ప్రతి పిల్లకూ బోలెడన్ని గడులు నింపుతాం. కులం, ఉపవర్గం, మతం, దారిద్ర్యరేఖ, వైకల్యం, అన్నీ ఉంటాయి. ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ వారీగా మార్కుల పట్టిక తీయడం కంప్యూటరుకు క్షణాల పని. ఆ పట్టిక అవసరమే. ముఖ్యంగా మా వైపు యానాది కాలనీల పిల్లలు ఎంతమంది ఆరులో చేరి ఎంతమంది ఎనిమిది దాటారో అది లేకపోతే ఎవరికీ పట్టదు. కానీ తరగతిలో నిలబడ్డ టీచరుకు కావలసిన సంగతులు వేరే ఉంటాయి. ఈ పిల్ల ఎన్ని బడులు మారింది? ఇంట్లో ఏ భాష? పొద్దున బడికి ముందు ఏం పని చేస్తుంది? ఇంట్లో ఈమె మార్కుల కాగితాన్ని చదవగలవాళ్ళెవరైనా ఉన్నారా? ఒకే కులం గడిలో ఉన్న ఇద్దరు పిల్లలకు ఈ నాలుగు ప్రశ్నలకూ నాలుగు విధాల జవాబులు వస్తాయి.

మాతృభాషకు గడి ఉంది, లేకేం. దాన్ని మేం ఎలా నింపుతామో ఒప్పుకుంటాను: పేరు చూడగానే ముస్లిం పిల్లలకు ఉర్దూ, మిగతా అందరికీ తెలుగు. పిల్లను పిలిచి అడగడానికి ఎంట్రీ గడువు రోజున తీరిక ఎక్కడిది? నిరుడు నగరి వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చి ఏడో తరగతిలో చేరాడు. మరమగ్గాల పని తగ్గి తండ్రి ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో చేరాడట. ఐదు దాకా తమిళ మాధ్యమం. మా వాళ్ళు మామూలుగా తెలుగు అనే కొట్టేశారు. గుణకారాలు చకచకా చేసేవాడు, మాటల్లో ఇచ్చిన లెక్క వస్తే మాత్రం పెన్ను కింద పెట్టేసేవాడు. మన పుస్తకాల్లో ఇప్పుడు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉంటాయి కదా. వాడి వేలు ఈ పుట మీద కాసేపు, ఆ పుట మీద కాసేపు ఆగి, చివరికి రెంటి మధ్య కుట్టు మీద నిలిచిపోయేది.

ఒకరోజు లెక్క ఇది: 1,200 రూపాయల ప్రకటన వెల ఉన్న చీరపై 10 శాతం రాయితీ ఇస్తే కొనేవాడు ఎంత చెల్లించాలి? వాడు 'రాయితీ' దగ్గర ఆగాడు. నేను 'డిస్కౌంట్' అన్నాను, 'తగ్గింపు' అన్నాను. తల ఊపాడు గానీ పెన్ను కదలలేదు. పక్క గదిలోంచి మా తెలుగు మాష్టారు, పుత్తూరు ఆయన, తలుపు దగ్గరకు వచ్చి విని, "ఒరే, ఆడి తళ్ళుబడిరా" అన్నారు. ఆడి మాసంలో బట్టల అంగళ్ళ ముందు తమిళంలో రాసి కట్టే బ్యానరు మాట అది. వాడి ముఖం విచ్చుకుంది. 120 తీసేసి 1,080 అని రాసి, నావైపు కాకుండా మాష్టారువైపు చూశాడు. మొదటి పరీక్షలో వాడి మార్కు తరగతిలో అడుగునుంచి మూడోది. ఆ మార్కు ఏం కొలిచింది, వాడికి వచ్చిన గణితాన్నా, వాడికి రాని మాటనా? యూడైస్‌లో వాడి మాతృభాష తెలుగు కాబట్టి ఆ ప్రశ్న పై స్థాయిలో ఎవరికీ తోచే వీలే లేదు. ఈ జూన్‌లో మాత్రం ప్రతి పిల్లనూ పిలిచి అడిగి ఆ గడి నింపాం. తమిళమని మేం అనుకోనివాళ్ళు తమిళమన్నారు, ఇద్దరు లంబాడీ పిల్లలు తమ భాష పేరు చెప్పడానికి సిగ్గుపడి తెలుగే రాయమన్నారు.

మార్కుల కాగితం ఎవరు చదువుతారన్న ప్రశ్నకు కూడా ఒక ఉదాహరణ ఉంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. పూల మార్కెట్‌లో మాలలు కట్టే ఒకావిడ ఆ రోజు పని మానుకుని వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టి మూరల లెక్కన కట్టే పని అది. చూపుడు వేలి మీద అరటినార ఒరుసుకుపోయిన చారలు ఉన్నాయి. కూతురి ప్రగతి పత్రం ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పి, "ఏం రాసుండారో సదువుమ్మీ" అని కూతురికే ఇచ్చింది. 'హోంవర్క్ చేయడం లేదు, శ్రద్ధ పెంచాలి' అని నేను రాసిన వాక్యాన్ని ఆ పిల్ల నా ముందే, కన్నార్పకుండా, "బాగా చదువుతా ఉంది, ఇంకా బాగా చదవాల" అని చదివింది. నాకు నవ్వు వచ్చింది, దిద్దలేదు. "అట్లయితే పాసేనా మేడం?" అని అడిగింది తల్లి. పాసేనని చెప్పాను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా అక్షరాస్యత 71.53 శాతం. మిగిలిన ఇరవై ఎనిమిది శాతంలో ఇటువంటి తల్లులు ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు నా తరగతుల్లో ఉన్నారు. ఇంటికి పంపే కాగితాన్ని చదివేది ఆ పిల్ల ఒక్కతే అయినప్పుడు, 'తల్లిదండ్రుల పర్యవేక్షణ' అని మేం రాసుకునే మాటలకు అర్థం లేదు. అప్పటినుంచి ఆ ఇంటికి నేను ఫోను చేసి నోటితోనే చెబుతున్నాను.

ప్రైవేటు బడుల మార్కులతో మమ్మల్ని పోల్చేవాళ్ళకు చెప్పడానికి నాకు ఇష్టమైన అధ్యయనం ఒకటుంది. 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దాన్ని నడిపించారు. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. లాటరీ కాబట్టి వెళ్ళిన పిల్లలకూ ఉండిపోయిన పిల్లలకూ ఇళ్ళలో తేడా లేదు. నాలుగేళ్ళ తరువాత తెలుగులో, గణితంలో రెండు గుంపుల మార్కులకూ తేడా కనిపించలేదు. హిందీలో ప్రైవేటుకు వెళ్ళినవాళ్ళు ముందున్నారు. మామూలు మార్కుల జాబితాల్లో కనిపించే పెద్ద అంతరం ఎక్కువ భాగం ఇళ్ళ నుంచి వచ్చినదేనని దాని సారం. ఆ అధ్యయనంలో మాకు చేదైన ముక్క కూడా ఉంది: ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్ల మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. స్టాఫ్‌రూమ్‌లో మొదటి సగం చెప్పినప్పుడు అందరూ సంతోషించారు, రెండో సగం చెప్పేసరికి గంట కొట్టారు.

ఇంతవరకూ రాసింది చదివి, పిల్లల ఇళ్ళ పరిస్థితి చూపించి టీచరు తప్పించుకుంటోందని ఎవరైనా అంటే నాకు కోపం రాదు. ఎందుకంటే నేను అలా తప్పించుకున్న రోజులు ఉన్నాయి. 'ఫస్ట్ జనరేషన్ లెర్నర్స్' అనే మాట మా శిక్షణల్లో నేర్చుకున్నాక, రాని ప్రతి పిల్లకూ ఆ ముద్ర వేసి మనసు తేలిక చేసుకున్నాను. తోతాపురి మామిడి కోత కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు తల్లులు రాత్రి షిఫ్టు వెళ్ళిన ఇళ్ళ పిల్లలు జూన్, జూలైల్లో ఆలస్యంగా వస్తారని నాకు తెలుసు. తెలిసి కూడా మొదటి పీరియడ్‌లోనే భిన్నాలు మొదలుపెట్టి, ఆగస్టులో వాళ్ళకు భిన్నాలు రావడం లేదని రాశాను. ఆ తప్పు ఫ్యాక్టరీది కాదు, తల్లిది కాదు. ఇప్పుడు జూన్, జూలైల్లో భిన్నాలను మధ్యాహ్నం పీరియడ్‌కు మార్చుకున్నాను, హెచ్‌.ఎం. గారు టైంటేబుల్ సర్దారు. ఇంత చిన్న మార్పు చేయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

అదే అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్ళు 45.8 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించలేకుండానే సమీకరణాల పాఠంలో కూర్చుంటున్నారు. ఈ సంఖ్య ఒక్క కులానిది, ఒక్క కాలనీది కాదు. భాగహారం రాని పిల్లకు సమీకరణం చెబుతూ సిలబస్ పూర్తి చేశానని సంతకం పెట్టడానికి ఇంటి పరిస్థితి కారణం కాజాలదు. అందుకని వారానికి మూడు రోజులు చివరి పీరియడ్‌లో ఆరు, ఏడు తరగతులను కలిపేసి, తరగతిని బట్టి కాకుండా ఏ లెక్క దాకా వచ్చో దాన్ని బట్టి పిల్లలను కూర్చోబెడుతున్నాం. ఏడో తరగతి కుర్రాడు ఆరో తరగతి పిల్ల పక్కన కూర్చుని తీసివేతలో అప్పు తెచ్చుకోవడం నేర్చుకుంటాడు. మొదటి వారం సిగ్గుపడ్డారు, తరువాత ఎవరు ఏ తరగతో మాకే గుర్తుండటం మానేసింది.

దీంతో పాటు నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. పది లెక్కలు. జూన్‌లో, దసరా తరువాత, మార్చిలో, ప్రతి పిల్లకూ అదే రకం పది లెక్కలు. పిల్లను పక్క పిల్లతో పోల్చను, నిరుటి తరగతితో పోల్చను. జూన్‌లో ఉన్న తనతోనే పోలుస్తాను. నిరుటి పుస్తకం తీసి చూస్తే ఆరో తరగతి నుంచీ మా దగ్గరే ఉన్న పిల్లలు ఎక్కువమంది ముందుకు జరిగారు. మధ్యలో చేరినవాళ్ళూ జరిగారు, కానీ వాళ్ళు బయలుదేరిన చోటే బాగా వెనక. ఈ రెండు వరసలనూ విడివిడిగా వేసి ఒక ఏ4 కాగితం మీద పట్టిక గీశాను. కింద మొత్తం సగటు కూడా రాశాను, ఎర్రగానే.

ఆ కాగితాన్ని తరువాతి సమావేశంలో ఇవ్వాలని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. బ్రహ్మోత్సవాల పనుల వల్ల సమావేశాన్ని వాయిదా వేశారు. ఈలోగా సోమవారం నాడు సత్యవేడు వైపు నుంచి అన్నాచెల్లెళ్ళు ఇద్దరు టీసీలతో వచ్చారు. అన్న ఏడో తరగతి బి సెక్షన్. మాతృభాష అడిగితే చెల్లెలు వైపు చూశాడు. పది లెక్కల్లో నాలుగు చేశాడు. పట్టికలో రెండో వరసను మళ్ళీ మొదటినుంచి కూడుకోవాలి.